బొంగరానికి పూనకం వచ్చిన రోజులు

మొన్న సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మా మేనల్లుణ్ణి బండి మీద ఎక్కించుకుని ఏటికొప్పాక తీసుకెళ్లాను. మా యలమంచిలి నుంచి పెద్ద దూరమేమీ కాదు. వరాహ నది ఒడ్డున ఊరు, లక్క బొమ్మలకి పేరు. వాడికి తొమ్మిదేళ్లు. జేబులో బేబ్లేడ్ ఎక్స్ అనే జపాన్ బొమ్మ బొంగరం పెట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా దాని లోపలి భాగాల పేర్లు నా వీపుకి చెబుతూనే ఉన్నాడు.

ఒక ఇంటి వసారాలో లేతు తిరుగుతోంది. పెద్దాయన ఉలి ఆనిస్తుంటే అంకుడు కర్ర తెల్లటి పొట్టుగా రాలుతోంది. మెత్తటి కర్ర అది, వెన్నలా తెగుతుంది. ఆకారం కుదిరాక ఆయన పసుపు రంగు లక్క కడ్డీ తీసి తిరుగుతున్న కర్రకి అదిమాడు. రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. లక్క కరుగుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. పోస్టాఫీసులో పార్సిళ్లకి ఎర్ర సీలు వేయడం చూసినవాళ్లకి ఆ వాసన నేను చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం పోస్టాఫీసు గుర్తు రాలేదు. బేబ్లేడ్‌ని తిప్పి వదిలే లాంచర్‌లోంచి రిప్ కార్డ్ అనే పళ్ల పట్టీని పదే పదే లాగితే పళ్లు అరిగి ఒక వాసన వచ్చేది. అది ప్లాస్టిక్, ఇది లక్క, రెండూ ఒకటి కాదు. కానీ రాపిడికి పుట్టిన వాసన ఏదైనా నాకు వేసవి సెలవుల మధ్యాహ్నంలాగే ఉంటుంది.

*

బేబ్లేడ్ కంటే ముందు మాకు బొంగరం ఉంది. అది ఎవరూ చెప్పకుండానే ఒక రోజు మొదలయ్యేది. నిన్నటిదాకా వీధిలో గోళీలు, ఇవాళ అందరి చేతుల్లో బొంగరాలు. మళ్లీ ఒక రోజు ఎవరూ చెప్పకుండానే మాయమయ్యేవి. ములుకు కొత్తగా ఉంటే బొంగరం గెంతుతుందని రాయి మీద అరగదీసేవాళ్లం. జాటీ, అంటే బొంగరానికి చుట్టే తాడు, చివర సోడా మూతో, చిల్లు పెట్టిన పాత నాణెమో కట్టి వేళ్ల మధ్య ఇరికించేవాళ్లం. జాటీని కాస్త తడిపి చుడితే పట్టు బాగా ఉంటుంది. తడపడానికి నీళ్లు వెతుక్కునేంత ఓపిక ఎవరికీ ఉండేది కాదు, ఉమ్మే.

నేల మీద వృత్తం గీసి, ఓడినవాడి బొంగరాన్ని మధ్యలో పెట్టి, మిగతావాళ్లు తమ బొంగరాల ములుకులతో దాన్ని పొడిచేవాళ్లు. ఆ పోట్ల గుంటలు జన్మంతా ఉంటాయి. నా ఎర్ర బొంగరానికి పదకొండు ఉండేవి. లెక్క ఎలా గుర్తుందంటే, మా ఎదురింటి పెద్దబాబుగాడు రోజూ వేలితో తడిమి పైకి లెక్కపెట్టేవాడు, అందులో తనవి ఏడని.

అయితే అసలు గొప్ప పొడవడంలో లేదు. తిరుగుతున్న బొంగరాన్ని జాటీతో ఎగరేసి అరచేతి మీదకి ఎక్కించుకోవడంలో ఉంది. అరచేతిలో అది చక్కిలిగింత పెడుతూ తిరుగుతుంటే, నిద్రపోతున్నట్టు కదలకుండా నిలబడి ఉంటే, చూసేవాళ్లు నోరు మూసేసేవారు. నాకది ఎప్పుడోగానీ కుదిరేది కాదు. పెద్దబాబుకి ఎప్పుడూ కుదిరేది.

*

తర్వాత టీవీలో బేబ్లేడ్ వచ్చింది. మా ఇంట్లో కేబుల్ లేదు. పెద్దబాబు వాళ్లింట్లో ఉంది. కార్టూన్ నెట్‌వర్క్‌లో సాయంత్రం వచ్చేది, అందులో సగం రోజులు కరెంటు పోయేది. కరెంటు వచ్చేసరికి మ్యాచ్ అయిపోయేది. ఎవడు గెలిచాడో తెలియాలంటే మర్నాడు బళ్లో అడగాలి. అడిగితే ఒక్కొక్కడు ఒక్కో కథ చెప్పేవాడు. నిజానికి మేము చూసిన బేబ్లేడ్‌లో సగం మేమే అల్లుకున్నాం. హిందీ మాకు అంతంతమాత్రం. టైసన్ ఎందుకు ఏడుస్తున్నాడో, కై ఎందుకు జట్టు వదిలి వెళ్లిపోయాడో అర్థమయ్యేది కాదు. అర్థం కానందువల్ల నష్టమేమీ లేదు. బొంగరాలు కొట్టుకుంటున్నాయి, అది చాలు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టకావో అవోకి అనే ఆయన గీసిన బొమ్మల కథ అది. 1999లో టకారా కంపెనీ బొమ్మలు అమ్మకానికి వచ్చాయి. ఆ కథని పిల్లల పత్రిక కొరోకొరో కామిక్ వేసింది. 2001లో యానిమే, అంటే జపాన్ కార్టూన్, మొదలైంది. టైసన్, కై, రే, మ్యాక్స్ అని నలుగురు. ఒక్కొక్కడి బొంగరంలో ఒక్కో జంతువు ఉంటుంది. డ్రాగూన్ నీలం డ్రాగన్, డ్రాంజర్ ఎర్రటి నిప్పు పక్షి, డ్రైగర్ తెల్ల పులి, డ్రేసియల్ తాబేలు. తూర్పు ఆసియా పురాణాల్లో నాలుగు దిక్కులకీ కాపలా ఉండే జంతువులివేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మనకి అష్టదిగ్గజాల్లాగా. ఓడిపోయే సమయానికి ఆ జంతువు బొంగరంలోంచి వెలుగుగా పైకి లేస్తుంది.

మా నానమ్మ ఒకసారి పెద్దబాబు వాళ్లింట్లోంచి నన్ను పిలవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏటిరా అది? బొంగరానికి పూనకం వచ్చిందేటి?"

అంతకంటే సరైన మాట ఇప్పటికీ ఎవరూ చెప్పలేదనుకుంటాను. పూనకమే. టైసన్ చేతులు చాచి అరుస్తాడు, డ్రాగూన్ వింటుంది. 'కుడికి తిరుగు' అంటే తిరుగుతుంది, 'లే' అంటే లేస్తుంది. మాకు తెలిసిన బొంగరం మాట వినదు. విసిరేదాకానే మనది. వదిలాక దాని ఇష్టం. మహా అయితే జాటీతో చేతి మీదకి తెచ్చుకోగలం. మాకు ఆ తేడా తెలుసు, అయినా మా వీధిలో వేపచెట్టు కింద "లెట్ ఇట్ రిప్" అని గొంతు చించుకుని అరిచేవాళ్లం, అరుపులో ఏదో ఉందేమోనని.

*

మొదటి బేబ్లేడ్ నాకు అనకాపల్లి నూకాలమ్మ తీర్థంలో దొరికింది. కొత్త అమావాస్య నాడు. జనం ఇసుకేస్తే రాలనంత. గాజుల దుకాణాలకీ జీళ్ల కొట్లకీ మధ్య ఒకాయన నేల మీద గోనె పరిచి అమ్ముతున్నాడు. పెట్టె మీద టైసన్ బొమ్మ ఉంది కానీ టోపీ రంగు వేరు. పేరులో కూడా ఒక అక్షరం తేడా. నాన్న బేరమాడి ముప్పై రూపాయలకి తీసుకున్నాడు. ఒరిజినల్ అని అమ్మేవాడు ప్రమాణం చేశాడు. నేనూ నమ్మాను.

దానికి బరిలా ఒక పళ్లెం ఉండాలి. ప్లాస్టిక్‌ది కొనే స్తోమత ఎవరికీ లేదు. అమ్మ బియ్యం కడిగే స్టీలు బేసిన్ దొంగతనంగా తెచ్చాను. అందులో రెండు బేబ్లేడ్లు కలిస్తే వచ్చే చప్పుడు ఉందే, కంచరి వీధిలో నిలబడినట్టు ఉండేది. మధ్యాహ్నం పడుకున్న నాన్న రెండు నిమిషాల్లో లేచి వచ్చేవాడు. బేసిన్ ఎత్తుకుని పెరట్లోకి, అక్కణ్ణించి పశువుల పాకలోకి, అక్కణ్ణించి గుడి వెనక్కి పోయేవాళ్లం. ఆ వేసవంతా ఒక బేసిన్ పట్టుకుని ఊళ్లో వలస తిరిగినట్టే.

పది రోజులకి రిప్ కార్డ్ పళ్లు అరిగిపోయాయి. లాగితే జర్రుమని జారిపోతుంది, బేబ్లేడ్ తిరగదు. ఇక్కడే పెద్దబాబు తెలివి చూడాలి. లాంచర్ పారేసి, బేబ్లేడ్ అడుగుకి పెన్ను మూత అంటించి, దానికి జాటీ చుట్టి విసిరాడు. తిరిగింది! ఎగురుతూ, తూలుతూ, తాగినవాడిలా, కానీ తిరిగింది. అంటే జపాన్ నుంచి చైనా మీదుగా నూకాలమ్మ తీర్థానికి వచ్చిన బొమ్మని వాడు మళ్లీ బొంగరం చేసేశాడన్నమాట. ఆ రోజు మేమెవరం అలా ఆలోచించలేదు. పెన్ను మూతలు ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచించాం. బళ్లో ఆ వారం చాలా పెన్నులకి మూతలు లేకుండా పోయాయి.

*

యూ-గీ-ఓ సంగతి వేరు. అది కార్డుల ఆట. అసలు కార్డులు మేము కంటితో చూడలేదు. అందుకని మేమే తయారుచేసుకున్నాం. పెళ్లి శుభలేఖల అట్టలు మంచి గట్టిగా ఉంటాయి. వాటిని సమానంగా కత్తిరించి, ఒకవైపు రాక్షసుడి బొమ్మ, కింద దాడి ఎంత, కాపు ఎంత. వెనక్కి తిప్పితే "వధువు, వరుడు, సుముహూర్తం". నీలికళ్ల తెల్ల డ్రాగన్ వెనక ఎవరో దూరపు బంధువుల రిసెప్షన్ అడ్రసు ఉండేది.

అందులో చిక్కేమిటంటే, కార్డు ఎవడు గీస్తే వాడే రాజు. మూడు వేల బలం అని ఒకడు రాస్తే ఇంకొకడు ఐదు వేలు, మర్నాటికి లక్ష. వారం తిరిగేసరికి ఆట చచ్చిపోయింది. పెద్దయ్యాక అనిపించింది, కొనుక్కునే కార్డుల్లోనూ జరిగేది ఇంచుమించు ఇదేగా, అచ్చువేసేవాళ్లు అంకెలు పెంచుతారు, మనం కొత్తవి కొంటాం.

ఒక ఎపిసోడ్‌లో కళ్లజోడు పెట్టుకున్న పురుగుల పిల్లాడొకడు ఓడ మీద నిలబడి హీరో యూగి దగ్గరున్న ఎక్సోడియా కార్డులు తీసుకుని సముద్రంలోకి విసిరేస్తాడు. అది చూసిన మర్నాడు మా చిన్నాన్న కొడుకు నా కార్డుల కట్ట మొత్తం కాలవలో వేసేశాడు. కోపం కూడా లేదు వాడికి, కథ ప్రకారం చేశాడంతే. శుభలేఖలు నీళ్ల మీద తేలుతూ వెళ్లిపోతుంటే గట్టు వెంబడి పరిగెత్తాను. రెండు దొరికాయి. సిరా కరిగి రాక్షసులు పోయారు, వధూవరులు మిగిలారు.

ఆ కథ గీసిన కజుకి తకహషి 2022 జూలైలో పోయారు. ఒకినావాలో సముద్రంలో శవం దొరికిందని వార్త. అరవై ఏళ్లు. కొన్ని నెలల తర్వాత ఇంకో వార్త వచ్చింది, అలల్లో కొట్టుకుపోతున్నవాళ్లని కాపాడే ప్రయత్నంలో ఆయన నీళ్లలోకి దిగారని. ఆఫీసులో చదివాను. పక్క సీటులో వాళ్లెవరికీ ఆ పేరు తెలియదు. పెద్దబాబుకి ఫోన్ చేశాను. వాడిప్పుడు పరవాడ ఫార్మా కంపెనీల వైపు లారీలు తిప్పుతున్నాడు. "మన శుభలేఖల ఆటాయనా?" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

మొదట్లో ఆయన కథలో కార్డులొక్కటే కాదు. 1996లో పత్రికలో మొదలైనప్పుడు రకరకాల ఆటలు ఉండేవి, వాటిలో కార్డుల ఆట ఒకటి. చదివే పిల్లలు దాన్నే పట్టుకున్నారు. కథ అటు ఒరిగింది, ఆ తర్వాత కోనామి కంపెనీ నిజంగానే కార్డులు అచ్చువేసింది. బేబ్లేడ్‌లో అమ్మకమూ కథా ముందునుంచీ ఒకే బండికి కట్టిన ఎడ్లు. యూ-గీ-ఓలో కథ వెనక అమ్మకం వచ్చింది. నాకెందుకో ఆ తేడా కథలో కనిపిస్తుంది. యూగి తాతకి చిన్న ఆటవస్తువుల కొట్టు ఉంటుంది, ఆయన తన దగ్గరున్న అపురూపమైన కార్డుని ఎంత డబ్బిస్తానన్నా అమ్మడు. చివరికి యూగి ప్రత్యర్థి కైబా దాన్ని లాక్కుని చింపేస్తాడు. అమ్మకం కోసమే పుట్టిన కథలో అమ్మనని మొండికేసే తాత ఉండడు.

*

గోళీల యానిమే కూడా ఉంది, బి-డామన్. జపాన్‌లో గోళీని 'బీ-దమ' అంటారు. ఆ మాటకి బాంబర్‌మ్యాన్ అనే వీడియో గేమ్ బొమ్మని జతచేసి పుట్టించారు. బొమ్మ పొట్టలో గోళీ పెట్టి వెనక నుంచి నొక్కితే తుపాకీ గుండులా దూసుకెళుతుంది. నాకది నచ్చలేదు. గోళీ ఆటంటే వేలు. ఎడమచేతి మధ్యవేలు వెనక్కి వంచి, కుడిచేత్తో గోళీ పట్టి, ఒక కన్ను మూసి కొట్టే ఆ వేలు. దాన్ని తీసేసి మీట పెడితే ఇంకేముంది? బాకుగాన్ ఇంకా కొంత నయం. గుండ్రటి బంతి, ఇనుప కార్డు మీదకి దొర్లించగానే అయస్కాంతానికి తటాలున విచ్చుకుని రాక్షసుడవుతుంది. ఆ విచ్చుకోవడం బాగుంటుంది. కానీ రెండూ వచ్చేసరికి నాకు మీసాలు వస్తున్నాయి, వాటిని సరిగ్గా ప్రేమించలేదేమో. ఈ విషయంలో నా తీర్పు పట్టించుకోకండి.

*

ఉద్యోగం మీద జపాన్ వెళ్లి రెండేళ్లున్నాను. టోక్యోలో నిషి-కసాయ్ అని, మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట. ఆదివారాలు తోచక తిరిగేవాణ్ణి. ఒకసారి పేట ఉత్సవంలో ఒక మూల నలుగురు ముసలాళ్లు ఒక డ్రమ్ము మీద గుడ్డ బిగించి కట్టి, మధ్యలో కాస్త పల్లంగా ఒత్తి, దాని మీద బుల్లి బొంగరాలు వేస్తున్నారు. బేగోమ. రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దగా, పోత ఇనుముతో చేసినవి. బేబ్లేడ్‌కి తాత ఇదే. ఆ గుడ్డ కట్టిన డ్రమ్మే మా అమ్మ బేసిన్.

పూర్వం 'బై' అనే సముద్రపు నత్త గుల్లలో ఇసుకో బంకమన్నో నింపి తిప్పేవారట, అందుకే ఆ పేరు. తర్వాత ఇనుము వచ్చింది. టోక్యో పక్కనే కవగుచి ఊరు పోత పనికి పేరు, బేగోమలు అక్కడ పోసేవారు. యుద్ధకాలంలో ఇనుము కరువై పింగాణీతో కూడా చేశారట. ఓడినవాడి బొంగరం గెలిచినవాడిది. అందుకని జూదమని కొన్ని బళ్లలో వద్దనేవారట. అవతలివాడి బొంగరం కిందకి దూరి ఎగరగొట్టాలని, పిల్లలు తమ వాటిని సిమెంటు మీద గీకి గీకి పొట్టివి చేసేవారు. ఇది విని నాకు నవ్వాగలేదు. మేము ములుకు అరగదీసిన రాయి గుర్తొచ్చింది.

నేను బొంగరం దేశం నుంచి వచ్చినవాణ్ణి కదా అని ముందుకెళ్లాను. దానికి కాడ లేదు! తాడు చుట్టడానికి పైన ఆధారమే ఉండదు. తాడుకి రెండు ముడులు వేసి, వాటి మధ్య ములుకు ఇరికించి, అడుగునే చుట్టాలి. మూడుసార్లు చుట్టాను, మూడుసార్లూ ఊడిపోయింది. నాలుగోసారి బొంగరం వెళ్లి పక్కవాళ్ల నూడుల్స్ బండి కింద పడింది. ఒక పెద్దాయన నా చేతిలోంచి తాడు తీసుకుని, చూపుడువేలితో నెమ్మదిగా అదిమి చూపించాడు. ఏమీ మాట్లాడలేదు. తాడు చివర తడపడానికి నాలిక మీద పెట్టుకున్నాడు.

*

అక్కడున్నప్పుడే లెట్స్ అండ్ గో పాత ఎపిసోడ్లు చూశాను. చిన్నప్పుడు చూడనిది. 1996 నాటిది. తమియా కంపెనీ మినీ ఫోర్‌డబ్ల్యూడీ అనే బుల్లి కార్ల కథ. రెండు బ్యాటరీలు, ఒక మోటారు. రిమోట్ ఉండదు. గోడల మధ్య గాడిలో పరిగెత్తడమే. అన్న రెత్సుది సోనిక్, మలుపుల్లో మేలు. తమ్ముడు గో ది మాగ్నమ్, తిన్నటి దారిలో వేగం. తమ్ముడి కారు వేగం ఎక్కువై మలుపు దగ్గర గాల్లోకి లేచి గాడి బయట పడుతూ ఉంటుంది. వాడు దాన్ని ఎత్తుకుని ఏడుస్తూ మళ్లీ మోటారు విప్పుతాడు.

ఆ కథలోనూ పిల్లలు అరుస్తారు. కానీ దాంతో పాటు పరిగెడతారు. వదిలిన కారు పక్కనే గాడి వెంబడి ఎగశ్వాస దిగశ్వాసగా పరుగు. చేయగలిగిందంతా ఇంటి దగ్గర స్క్రూడ్రైవర్‌తో చేసేశాం, ఇప్పుడు దానితో పాటు పరిగెత్తడమే మిగిలింది అన్నట్టు. అందులోనూ కోతలు తక్కువేమీ కావు, కార్లు ఎగురుతాయి, సుడిగాలులు లేస్తాయి. అయినా బేబ్లేడ్, యూ-గీ-ఓ, ఇదీ మూడూ పక్కపక్కన పెడితే నేను దీన్నే ముందు పెడతాను. చెబితే పెద్దబాబు ఒప్పుకోడు. వాడి దృష్టిలో డ్రాగూన్ తర్వాతే ఏదైనా.

షింబాషిలో తమియా వాళ్ల దుకాణంలో ఆ కార్లకి ట్రాక్ ఉండేది. షింబాషి అంటే ఆఫీసు ఉద్యోగుల అడ్డా. ఒక సాయంత్రం వెళ్లి చూస్తే టై వదులు చేసుకున్న నలభై ఏళ్లవాళ్లు, పనిముట్ల పెట్టెలు తెరిచి, బుల్లి చక్రాలు ఊదుకుంటున్నారు. ఒకాయన కారు వదిలాడు. రెండు అడుగులు దాని వెంట పరిగెత్తబోయి, చుట్టూ చూసి ఆగిపోయాడు.

*

ఏటికొప్పాకలో పెద్దాయన పసుపు బొంగరం పూర్తి చేసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. నేను జాటీ అడిగి తీసుకుని చుట్టాను. ఇరవై ఏళ్లయింది, అయినా వేళ్లు మర్చిపోలేదు. విసిరితే సిమెంటు గచ్చు మీద నిలబడి తిరిగింది. వాడు బోర్లా పడుకుని గడ్డం నేలకానించి చూశాడు. నాకు లోపల గర్వంగా ఉంది, దాచుకోను.

అది ఒరిగి పడ్డాక వాడు లేచి, "మావయ్యా, ఇది కుడి తిరుగుడా, ఎడమ తిరుగుడా?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. బేబ్లేడ్‌లో రెండూ వేర్వేరు, ఎడమది కావాలంటే ఎడమదే కొనుక్కోవాలి. ఇన్నేళ్లు బొంగరం వేసి ఒక్కసారి కూడా ఆ ప్రశ్న రాలేదు.

"ఎటు చుట్టామన్నదాన్ని బట్టి తిరుగుతుందిరా. రెండూనూ."

"అయితే అటు చుట్టి వెయ్యి."

లేతు దగ్గర పెద్దాయన తల ఎత్తాడు. "అటు చుట్టి ఎవడేస్తాడు నాయనా" అన్నాడు.

చుట్టాను. చెయ్యి మొరాయించింది. విసిరితే బొంగరం తలకిందులై, గచ్చు మీద టకటకా కొట్టుకుని, లేతు కింద పొట్టు కుప్పలోకి దూరిపోయింది. ఆయన లేతు ఆపాడు. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని పొట్టులో చేతులు పెట్టి వెతకడం మొదలుపెట్టాం.